హెర్పిస్ తిరగబెడుతుంటే: పొక్కు లేచినప్పుడే గోలీలా, రోజూనా?

మర్మాంగాల దగ్గర చురచుర, సన్నని నీటి పొక్కులు, వారం పదిరోజుల్లో మానడం, రెండు నెలలకు మళ్లీ అదే చోట లేవడం. పరీక్షలో హెర్పిస్ అని తేలితే దాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. వైరస్ నడుం కింది నరాల్లో దాక్కుంటుంది. అణిచిపెట్టే గోలీలు మాత్రం ఉన్నాయి, వాటిని వాడే తీరు రెండు రకాలు.

లేచినప్పుడే వాడితే ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు మూడు, ఐదు రోజులు. లేదా వాలాసైక్లోవిర్ 500 రోజుకు రెండు, మూడు రోజులు. ఇందులో పనంతా మొదటి రోజుదే. పొక్కుకు ముందే జిల, తొడలో గుంజినట్టు నొప్పి వస్తాయి, గోలీ అప్పుడే పడాలి. ములుగులో బస్సెక్కి వరంగల్ ఎంజీఎం ఓపీలో చీటీ తీసుకునేసరికి పొక్కు పగిలి పుండవుతుంది. కాబట్టి ఒక కోర్సు ముందే రాయించుకుని ఇంట్లో పెట్టుకోవాలి. సర్పి అనుకుని జాజు పూయడం, ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ సూది వేయించుకోవడం దండగ. మెడికల్ షాపువాళ్లు ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన దురద క్రీమైతే పుండును ఇంకా ముదరబెడుతుంది.

రోజూ వాడితే ఎసైక్లోవిర్ 400 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, లేదా వాలాసైక్లోవిర్ 500 రోజుకొకటి. తిరగబెట్టడం 70-80 శాతం తగ్గుతుంది. పొక్కు లేని రోజుల్లోనూ వైరస్ చర్మం మీదికి వస్తుంటుంది. దంపతుల్లో ఒక్కరికే ఉంటే అసలు చిక్కు ఇదే. రోజూ వాలాసైక్లోవిర్ వేసుకుంటే రెండోవారికి అంటుకునే ముప్పు దాదాపు సగం తగ్గుతుందని 2004లో వచ్చిన అధ్యయనం చూపింది. మిగతా సగానికి కండోమ్ కావాలి, అదీ పూర్తి కాపు కాదు. పొక్కులున్నన్ని రోజులు కలవకూడదు.

మరి ఏది మేలు? ఇద్దరికీ ఉండి, ఏడాదికి రెండు మూడుసార్లే లేస్తే మొదటిది చాలు. ఆరుసార్లు దాటినా, ఒక్కరికే ఉన్నా రోజూ వాడటమే మంచిది. ఒక్కరికే ఉందో ఇద్దరికీనో తేలాలంటే రెండోవారికి ఐజీజీ (ఎప్పుడో అంటిన వైరస్ జాడ చూపే) రక్తపరీక్ష చేయించాలి, నమ్మకంగా తేల్చని ఐజీఎం పరీక్ష మీద పైసలు పోయొద్దు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా ఇద్దరూ చేయించుకోవాలి. ఇంకో మాట: ఇయ్యాల పొక్కు లేచిందంటే నిన్న అంటిందని కాదు. ఏళ్లపాటు బయటపడకుండా ఉండే జబ్బు ఇది. పెద్దమనుషుల్లో పంచాయితీ పెట్టేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి, డాక్టర్‌కు ముందే చెప్పండి. మే ఎండల్లో నీళ్లు తక్కువ తాగుతూ ఈ మందు వాడటం ఎవరికీ మంచిది కాదు.

గర్భంతో ఉన్నప్పుడు లెక్క వేరు. భార్యకు ముందునుంచే ఉంటే 36వ వారం నుంచి ఎసైక్లోవిర్ 400 రోజుకు మూడు రాస్తారు. నొప్పులు మొదలైనప్పుడు పొక్కులుంటే సిజేరియన్. భర్తకే ఉండి ఆమెకు లేకపోతే చివరి మూడు నెలలు కలవకపోవడమే క్షేమం. ఆ దశలో కొత్తగా అంటితేనే బిడ్డకు అన్నిటికన్నా ప్రమాదం.

రోజూ మందు జీవితాంతం అనుకోనక్కర్లేదు. ఏడాదికోసారి డాక్టర్‌తో మాట్లాడి ఆపి చూడొచ్చు. ఆపగానే ఒకసారి లేవడం మామూలే, రెండోసారి ఎన్నాళ్లకు వస్తుందో చూసి మళ్లీ మొదలుపెట్టాలో వద్దో తేల్చుకోవాలి.