బిస్బీలో బస: అద్దెకన్నా ముందు మెట్ల సంగతి అడగండి

అరిజోనా ఆగ్నేయ మూలన, మ్యూల్ పర్వతాల మధ్య ఇరుకు లోయలో, సుమారు 5,500 అడుగుల ఎత్తున ఉంది బిస్బీ. టూసాన్ నుంచి గంటన్నర పైచిలుకు ప్రయాణం. చాలామంది దారిలో టూంబ్‌స్టోన్ అనే ఊరు చూసి, ముందుకొచ్చి ఇక్కడ రెండు గంటలు ఆగి వెళ్లిపోతారు. ఆ రెండు గంటల్లో మెయిన్ స్ట్రీట్ షాపులు తప్ప ఊరేమీ తెలియదు. కనీసం రెండు రాత్రులు ఉండండి. ఎక్కడ ఉండాలన్నదే అసలు చిక్కు.

1880లో రాగి కోసం వెలసిన ఊరిది. గని పనివాళ్లు వాలు మీద కాస్త చోటు దొరికితే చాలు ఇల్లు కట్టేసుకున్నారు, కారు మాట అప్పటికి లేదు. ఇప్పుడు కనిపించే కాంక్రీటు మెట్లు చాలావరకు 1930ల్లో డబ్ల్యూపీఏ అనే ప్రభుత్వ ఉపాధి పథకం కింద పోసినవి. లోయలోని పాత ఊరైన ఓల్డ్ బిస్బీలో ఎన్నో ఇళ్ల గుమ్మం దాకా నేటికీ కారు పోదు. ఫ్రిజ్ అయినా పరుపైనా మనుషులు మోయాల్సిందే. అద్దె ఇల్లు చూసేటప్పుడు ఫోటోల్లో బాల్కనీ కాదు, రోడ్డు నుంచి తలుపు దాకా ఎన్ని మెట్లు, రెయిలింగ్ ఉందా, రాత్రి దీపం ఉందా, కారు ఎంత దూరంలో పెట్టాలి, ఇవి అడగండి. తిరుమల నడకదారి ఎక్కినవాళ్లకు ఇదో లెక్కా అనిపించవచ్చు. అక్కడ చేతిలో సూట్‌కేసు, రెండు గాలన్ల పాలు ఉండవు. ఎత్తు వల్ల మొదటి రోజు ఆయాసం సహజం. సామాను చిన్న బ్యాగుల్లో సర్దుకుంటే రెండు విడతల్లో పైకి చేర్చుకోవచ్చు.

పెద్దవాళ్లు వెంట ఉంటే ఓల్డ్ బిస్బీలో కొండ మీది ఇల్లు వద్దు. 1902 నాటి కాపర్ క్వీన్ హోటల్ లాంటివి ఊరి నడిబొడ్డునే ఉన్నాయి. పాత కట్టడం కాబట్టి గదులన్నీ ఒక్క సైజులో ఉండవు, బార్ సందడి పైకి వినిపించవచ్చు. బుక్ చేసేటప్పుడే ఏ అంతస్తు, ఏ వైపు అని తేల్చుకోండి. అక్కడి నుంచి బ్రూవరీ గల్చ్ వీధి, గని చరిత్ర మ్యూజియం, లైబ్రరీ అన్నీ నడిచే దూరమే. నెల రోజులు ఉండేవాళ్లకు మాత్రం ఊళ్లోనే మరో పేట అయిన వారెన్ నయం. నేల కాస్త చదును, వీధులు వెడల్పు, కారు ఇంటి ముందే పెట్టుకోవచ్చు. అందం తక్కువే, కానీ రోజువారీ బతుకు సులువు. సేఫ్‌వే సూపర్‌మార్కెట్ శాన్ హోసే అనే పేట వైపు ఉంది. ఓల్డ్ బిస్బీలో దిగినవాళ్లు దానికోసం కారు తీయాల్సిందే.

ఇండియన్ సరుకులు టూసాన్‌లోనే కొనుక్కోండి, ప్రెషర్ కుక్కర్ మర్చిపోకండి. ఈ ఎత్తులో నీళ్లు దాదాపు 202 డిగ్రీల ఫారెన్‌హీట్‌కే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. కుక్కర్‌లో కూడా ఒకటి రెండు విజిళ్లు ఎక్కువ పట్టుకోండి. వారం మధ్యలో బయట తినాలనుకుంటే ఆ రోజు ఏది తెరిచి ఉందో ముందే కనుక్కోవాలి, వారాంతాన్ని నమ్ముకుని నడిచే చోట్లే ఎక్కువ.

ఓల్డ్ బిస్బీలో పోస్ట్‌మ్యాన్ ఇంటికి రాడు. అందరూ మెయిన్ స్ట్రీట్ పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకుంటారు. మందులో మరోటో తెప్పించుకునే పని ఉంటే ఏ అడ్రస్ ఇవ్వాలో ఇంటి యజమానిని అడిగాకే ఆర్డర్ పెట్టండి. ఆ పోస్టాఫీసు పైనే కాపర్ క్వీన్ లైబ్రరీ, 1882 నుంచి నడుస్తోంది. ఇంట్లో ఇంటర్నెట్ మొరాయించినప్పుడు అదే దిక్కు, ఎందుకంటే లోయ గోడల మధ్య ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఒకేలా అందదు.

పాత ఇళ్లలో చాలావాటికి ఏసీ బదులు స్వాంప్ కూలర్ (తడి మెత్తల గుండా గాలిని లాగి చల్లబరిచే కూలర్) ఉంటుంది. మే, జూన్ పొడి వేడిలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. జూలై నుంచి సెప్టెంబర్ మధ్య వానలు మొదలయ్యాక గాల్లో తేమ పెరిగి ఉట్టి ఉక్కపోతే మిగులుతుంది. ఆ నెలల్లో వెళ్తే ఏసీ ఉందని రాతపూర్వకంగా తేల్చుకోండి. మధ్యాహ్నం ఉరుములతో వాన దంచుతుంది. నిటారు కొండల నీరంతా ఊళ్లోని టూంబ్‌స్టోన్ కాన్యన్, బ్రూవరీ గల్చ్ వీధుల వెంటే దిగుతుంది. మెట్ల నడక పొద్దున్నే ముగించండి, కారు నీటిదారి పక్కన వదలకండి.

చూడాల్సినవాటిలో పాత రాగి గనిలోకి తీసుకెళ్లే క్వీన్ మైన్ టూర్‌కే నా మొదటి ఓటు. 1975లో ఊళ్లో రాగి తవ్వకం ఆగింది, మరుసటి ఏడాదే ఈ టూర్ మొదలైంది. హెల్మెట్, లైటు, కోటు వాళ్లే ఇస్తారు. చిన్న రైలు మీద కాళ్లు చెరోవైపు వేసి కూర్చుని 1,500 అడుగుల లోపలికి వెళ్లాలి. ఏ కాలమైనా లోపల 47 డిగ్రీల ఫారెన్‌హీటే, కాబట్టి మే నెలలోనైనా స్వెటర్ తప్పదు. ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లు పైనే ఉండటం మేలు. పిల్లలకు వయసు పరిమితి ఉంది. వారాంతం టికెట్లు ముందే కొనాలి. పైనుంచి తవ్విన పెద్ద రాగి గని గొయ్యి లావెండర్ పిట్‌కు మాత్రం పావుగంట చాలు, కంచె అవతల నుంచి చూడటమే. వారెన్‌లోని బేస్‌బాల్ మైదానం వారెన్ బాల్‌పార్క్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, 1917 జూలై 12న సమ్మె చేసిన గని కార్మికులతో సహా సుమారు 1,200 మందిని తుపాకులతో పోగుచేసి, పశువుల బోగీల్లోకి ఎక్కించి న్యూ మెక్సికోకు తరిమేసింది ఇక్కడి నుంచే. మ్యూజియం చూశాక అక్కడికి వెళ్తే ఆ స్థలం అర్థమవుతుంది.

చిన్నపిల్లలున్నవాళ్లకు ఒక మాట. ఖనిజం కరిగించిన పాత స్మెల్టర్ల (కొలిముల) వల్ల ఇక్కడి మట్టిలో సీసం, ఆర్సెనిక్ చేరాయి. చాలా పెరళ్లలో మట్టి తీసి కొత్తది వేశారు. మీరు దిగే ఇంట్లో ఆ పని జరిగిందో లేదో అడగండి, బయట ఆడి వచ్చిన పిల్లల చేతులు కడిగించండి. అత్యవసరమైతే ఊళ్లో ఆసుపత్రి ఉంది, పెద్ద కేసులను టూసాన్ పంపుతారు.

మెక్సికో సరిహద్దు పది మైళ్ల లోపే. తిరుగు దారిలో ఉత్తరానికి వెళ్లే హైవే మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఆపుతుంది. వీసా మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు), గ్రీన్ కార్డుంటే ఆ కార్డు అసలుదే, డిక్కీలో కాదు, చేతికందేలా పెట్టుకోండి.