వారానికి మూడు గంటలే ఉంటే: రేంజా, కార్పెట్టా, కోర్సా?

నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టాను. ఉద్యోగం, పిల్లల చదువులు, గచ్చిబౌలి ట్రాఫిక్ అన్నీ పోగా వారానికి నాకు మిగిలేది మూడు గంటలు. మొదటి ఏడాది ఆ మూడు గంటలూ రేంజ్‌కే, అంటే ఒకేచోట నిలబడి బంతులు కొట్టే సాధన మైదానానికే పెట్టాను, వెళ్లినప్పుడల్లా వంద బంతుల బకెట్, అందులో సగం డ్రైవర్‌తోనే (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర). స్కోరు, అంటే ఆట మొత్తంలో పట్టిన స్ట్రోకులు (ఎంత తక్కువైతే అంత మేలు), 110 దగ్గర కదల్లేదు. అదే సమయాన్ని వేరేగా వాడటం మొదలుపెట్టాక తొంభైల్లోకి వచ్చాను, అందుకే ఏది మేలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

ముందు రేంజ్. 7 ఐరన్ అనే మధ్య దూరాల క్లబ్‌తో వరుసగా ముప్పై కొడితే పదో బంతి నుంచి అన్నీ తిన్నగా వెళ్తాయి, స్వింగ్ దొరికేసిందనిపిస్తుంది. కానీ కోర్సులో అదే షాట్ వెంటనే మళ్లీ కొట్టే అవకాశం ఎక్కడుంది? హోల్ మొదలయ్యే చోట, టీ మీంచి డ్రైవర్, నాలుగు నిమిషాలు నడిచాక గడ్డిలోంచి ఐరన్, ఆ తర్వాత దగ్గరి షాట్‌కి వెడ్జ్. 1979లో షే, మోర్గన్ అనే ఇద్దరు చేతి కదలికల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే పని వరుసగా చేసినవాళ్లు సాధన జరుగుతున్నంతసేపూ ముందున్నారు, పనులు కలగలిపి చేసినవాళ్లు అప్పుడు తడబడ్డారు, కానీ కొన్ని రోజుల తర్వాత పరీక్ష పెడితే కలగలిపి చేసినవాళ్లకే బాగా గుర్తుంది. అది గోల్ఫ్ ప్రయోగం కాదు, అయినా నా అనుభవం అచ్చం అదే. ఇప్పుడు నలభై బంతులే కొడతాను, ప్రతి బంతికీ క్లబ్ మారుస్తాను, గురి మారుస్తాను, వెనక్కి వచ్చి నిలబడి మళ్లీ మొదలుపెడతాను. ముప్పావు గంట పడుతుంది. ఇంకొకటి, రేంజ్ మ్యాట్‌ను నమ్మకండి. క్లబ్ బంతికి వెనకాల తగిలినా మ్యాట్ మీద జారిపోయి షాట్ బాగానే వెళ్తుంది, గడ్డి మీదైతే అదే తప్పుకి క్లబ్ నేలలో దిగిపోతుంది.

ఇంట్లో కార్పెట్ మీద పట్టింగ్ అన్నిటికన్నా చవక. పట్టింగ్ అంటే గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బంతిని హోల్‌లోకి దొర్లించడం. పార్ 72, అంటే మంచి ఆటగాడు 72 స్ట్రోకుల్లో ముగించాల్సిన కోర్సులో, లెక్క ప్రకారం అందులో సగం, 36 పట్లు. రోజూ రాత్రి పది నిమిషాలు చాలు. బంతి పట్టేంత సందు ఉంచి రెండు గ్లాసులు పెట్టి, వాటికి తగలకుండా మధ్యలోంచి పంపడం. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్సే ఎనిమిది అడుగుల నుంచి దాదాపు సగం మిస్ చేస్తారు కాబట్టి నేను దూరాల జోలికి పోకుండా మూడు, నాలుగు అడుగుల మీదే ఉంటాను. కార్పెట్ నేర్పలేనిది వేగం, దానికి నిజమైన గ్రీనే కావాలి.

అలాగని పట్టింగే సర్వం అనేవాళ్లతో ఒప్పుకోను. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ టూర్ షాట్ల లెక్కలన్నీ తీసి చూస్తే, అగ్రశ్రేణి ఆటగాళ్ల ఆధిక్యంలో సుమారు 40 శాతం గ్రీన్ వైపు కొట్టే అప్రోచ్ షాట్ల నుంచే వస్తోంది, పట్టింగ్ వాటా 15 శాతం దాకానే. మనలాంటివాళ్ల మధ్య స్కోరు తేడా కూడా ఎక్కువగా 100 గజాల అవతలి షాట్లలోనే ఉందని ఆయన లెక్క. పట్టింగ్‌కి పది నిమిషాలే ఇచ్చి, మిగతాది ఐరన్లకి పెట్టడానికి కారణం ఇదే.

ఇక కోర్సులో తొమ్మిది హోల్స్ ఆడటం, అంటే సగం రౌండ్. రెండు గంటలు పోతాయి, ఖర్చూ ఎక్కువే. కానీ వాలు నేల మీద నిలబడి కొట్టడం, ఎక్కడికి గురిపెట్టకూడదో తెలియడం రేంజ్‌లో ఎప్పటికీ రావు. బంతి హద్దు దాటితే ఒక స్ట్రోక్ పెనాల్టీ, పైగా ముందు కొట్టిన చోటి నుంచే మళ్లీ కొట్టాలి, అంటే ఇరుకు హోల్‌లో డ్రైవర్ బ్యాగులోనే ఉంచితే రెండు స్ట్రోకులు మిగిలినట్టే. రెండు వారాలకోసారి ఆదివారం తెల్లవారుజామున ఆడతాను, ఆ వారం రేంజ్ మానేస్తాను. కోచ్ దగ్గరికి రెండు నెలలకోసారి, అంతే.

ఒక్కటే ఎంచుకోమంటే నలభై బంతుల రేంజ్‌కే నా ఓటు. వంద దాటుతున్నవాళ్లకైతే మరీను, ఎందుకంటే వాళ్ల స్ట్రోకులు పోయేది గ్రీన్ చేరేలోపే. కోర్సుకి వెళ్లే రోజు మాత్రం ఇరవై నిమిషాలు ముందే చేరండి. నేరుగా పట్టింగ్ గ్రీన్‌కి వెళ్లి, ముప్పై అడుగుల నుంచి బంతిని హోల్ పక్కన ఆపడం ఒక్కటే చేయండి, ఆ రోజు గ్రీన్ల వేగం అక్కడే తెలుస్తుంది.