సముద్రంలో సూర్యాస్తమయం మైపాడులో తీస్తామంటే అడ్వాన్స్ కట్టకండి

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల వైశాఖం ముహూర్తాలకు నిశ్చితార్థం పెట్టుకున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే ఫోటోషూట్‌కి డబ్బు కట్టండి. మాకు జరిగింది మరో జంటకు జరగకూడదనే రాస్తున్నాను.

మాది నెల్లూరు. మాఘంలో నిశ్చితార్థం. పెద్దలు కుదిర్చిన సంబంధం, అప్పటికి మేమిద్దరం కలిసి మాట్లాడుకున్నది నాలుగే నాలుగుసార్లు. ఆయనకు కెమెరా ముందు నిలబడాలంటే బెరుకు. అందుకే స్టూడియో మనిషితో మొదటి రోజే విడమరిచి చెప్పాను. ఫోజులు వద్దు. పొద్దున పెన్నా గట్టున, రంగనాథస్వామి గుడి దగ్గర కాసేపు నడుస్తాం. తర్వాత మైపాడు వెళ్లి ఇసుకలో కూర్చుని మాట్లాడుకుంటాం, మీరు దూరం నుంచి తీయండి. అమ్మ వెంకటగిరి చీర కట్టుకుంటాను, వేరే డ్రెస్సులేమీ వద్దు అన్నాను. అన్నిటికీ "అలాగే మేడం" అన్నాడు. ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఒక జంట చెయ్యి చెయ్యి పట్టుకుని నడుస్తుంటే వెనక సూర్యుడు మెల్లగా సముద్రంలోకి దిగిపోతున్నాడు. కింద 'మైపాడు బీచ్' అని రాసి ఉంది. చాలా నచ్చింది. ప్యాకేజీ 40,000, ఎడిట్ చేసిన ఫోటోలు 60 ఇస్తానన్నాడు. 25,000 అడ్వాన్స్ ఫోన్‌పేలో పంపాను. కాగితం మీద ఒక్క అక్షరం రాయించుకోలేదు. నేను చేసిన పెద్ద తప్పు అదే.

షూట్ రోజు ఆ మనిషి రాలేదు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మేం ఏం చెప్పామో వాళ్లకు ఒక్క ముక్క తెలియదు. పొద్దునకు బదులు మధ్యాహ్నం వచ్చి, టైమ్ లేదంటూ పెన్నా గట్టు వదిలేసి నేరుగా మైపాడు తీసుకెళ్లారు. అక్కడ కారు డిక్కీలోంచి పొడుగు తోక గౌను ఒకటి తీసి కట్టుకోమన్నారు. దాని అంచులో అంతకుముందు ఎవరో తొక్కిన తడి ఇసుక ఇంకా అంటుకునే ఉంది. చంక కింద కుట్టు ఊడిపోతే నాలుగు పిన్నీసులు పెట్టి ఉన్నాయి. ఒకటి లోపలికి తిరిగి నాకు గుచ్చుకుంది కూడా. వద్దని చెప్తే, "చీరలో రీల్ రాదు మేడం" అన్నారు.

ఇంకో విషయం, ఇది ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా చదవాలి. ఫోజు సరిచేసే పేరుతో ఒక కుర్రాడు అడగకుండా నా నడుము పట్టుకుని పక్కకు తిప్పాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన వెంటనే ముందుకొచ్చి, "చెయ్యి వెయ్యకుండా చెప్పు తమ్ముడూ" అన్నారు. ఆ తర్వాత తీసిన ఏ ఫోటోలోనూ నా ముఖంలో నవ్వు లేదు.

సాయంత్రం దాకా ఎత్తుకోమని, తిప్పమని, నుదురూ నుదురూ ఆనించమని ఒకటే ఒత్తిడి. ఆయన చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది. సూర్యాస్తమయం షాట్ ఎప్పుడని అడిగితే, వస్తుంది ఉండండన్నారు. పొద్దు మా వెనక సరుగుడు తోటల్లోకి దిగింది. ముందున్న సముద్రం నల్లబడిపోయింది. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన నన్ను చూసి, "మనకాడ పొద్దు సముద్రంలో పొడిచేది కదమ్మా, గుంకేది పడమటనే" అన్నాడు. పుట్టి పెరిగింది ఇక్కడే, ఆ మాత్రం నాకు తట్టలేదు. మన తీరమంతా తూర్పు ముఖం. సూర్యుడు సముద్రంలోకి దిగే వీడియో ఏ పడమటి తీరంలోనో తీసి ఉండాలి, మైపాడులో తీసింది మాత్రం కాదు. ఇంటికొచ్చి గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే జంట, అదే వీడియో ఇంకెవరిదో పేజీలో కనబడింది.

ఇక డబ్బు సంగతి. నిశ్చితార్థం ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి గౌను అద్దె 3,500, డ్రోన్ 5,000, డీజిల్ 2,000 అదనం అన్నాడు. గాలి ఎక్కువగా ఉందని ఆ రోజు డ్రోన్ పైకే లేవలేదు. మొత్తం 25,500 పంపితేనే ఫోటోలన్నాడు. మండపంలో స్క్రీన్ మీద వేయాలి, ఇంటినిండా చుట్టాలు, నాన్న మారు మాట్లాడకుండా కట్టేశారు. వచ్చిన ఫోటోలు 38. మా అవ్వ కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఈ పిల్లెవురే?" అంది. రంగు తెల్లగా చేసి, గడ్డం మీద నా పుట్టుమచ్చ తీసేశారు. ఆయన చామనఛాయ కూడా పోయింది. చివరికి స్క్రీన్ మీద వేసింది మా తమ్ముడు నిశ్చితార్థం రోజు తెల్లవారుజామున పెన్నా గట్టున ఫోన్‌తో తీసిన ఫోటోలే. వాటిలో ఒకదాంట్లో ఆయన వంగి నా చీర కుచ్చిళ్లలో ఇరుక్కున్న పల్లేరుకాయ తీస్తున్నారు. ఇద్దరం కెమెరా సంగతే మరిచిపోయి ఉన్నాం.

బుక్ చేసేముందు ఏరి కూర్చిన నాలుగు ఫోటోలు, రీల్స్ చూసి నమ్మకండి. ఒకే జంటకు ఇచ్చిన మొత్తం ఆల్బమ్ చూపించమనండి, వీలైతే ఆ జంటతో మాట్లాడండి. కెమెరా పట్టేది ఎవరు, ఎన్ని గంటలు, ఎన్ని ఫోటోలు, ఏ తేదీకి ఇస్తారు, ముఖం రంగు మార్చకూడదు, అదనపు ఖర్చు ముందే ఒప్పుకుంటేనే ఇస్తాం అన్నవన్నీ కనీసం వాట్సాప్‌లో రాయించుకోండి. అడ్వాన్స్ సగం దాటనివ్వకండి. డబ్బు తీసుకుని 250 గ్రాములు దాటిన డ్రోన్ ఎగరేసేవాళ్లకు 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, చూపించమని అడగండి. ఇంటి మనిషి ఒకరిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఒకటే చోటు, ఒకటే జత బట్టలు పెట్టుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. మైపాడు అయితే నెల్లూరు నుంచి 25 కిలోమీటర్లే, చీకటితోనే బయల్దేరితే సముద్రంలోంచి పొద్దు పొడిచే వేళకు అక్కడుంటారు.

మా ఫోటోలు వాళ్ల పేజీలో అడగకుండా పెట్టుకున్నారు, అడిగితే హక్కు మాదే అన్నారు. అది నిజం కాదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోల మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవాళ్లదేనని 1957 కాపీరైట్ చట్టం చెబుతోంది. ఆ మాట రాసి పంపాక తీసేశారు. డబ్బు కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. మీరూ చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, చాటింగ్ డిలీట్ చేయకండి.

ఒంగోలు వాళ్లు కొత్తపట్నం బీచ్‌లో తీయించుకుంటున్నా ఇదే లెక్క. అక్కడా సముద్రం తూర్పునే ఉంది.