దక్షిణార్ధగోళంలో విక్కా పండుగలు: తేదీని నమ్ముకోవాలా, ఎండనా?

అక్టోబర్ 31 సాయంత్రం. మెల్‌బోర్న్‌లో ఎనిమిది కావస్తున్నా వెలుతురు పోలేదు. మా వీధిలో గులాబీలు విరగబూశాయి. దయ్యాల వేషాలేసుకున్న పిల్లలు చాక్లెట్ల కోసం తలుపులు కొడుతున్నారు. అదే రోజు ఇంగ్లండ్‌లో విక్కా పాటించేవాళ్లకి సావిన్ పండుగ. కోతలైపోయి, చీకటి కాలం మొదలయ్యే వేళ పోయినవాళ్లను తలుచుకునే రాత్రి అది. మరి మెల్‌బోర్న్‌లో ఉన్న విక్కన్లు ఆ రాత్రి సావిన్ చేసుకోవాలా, లేక దానికి సరిగ్గా ఎదురుగా ఉండే బెల్టేన్ అనే పూల పండుగా?

విక్కాని చేతబడితో కలిపి చూడొద్దు. అది ప్రకృతినీ దేవతనూ కొలిచే మతం. దానికి ఏడాదికి ఎనిమిది పండుగలు. అందులో నాలుగు, పగలు బాగా పెరిగే, బాగా తగ్గే, రాత్రితో సమానమయ్యే రోజుల్లో వస్తాయి. మిగతా నాలుగు వాటి మధ్యలో పడతాయి.

తేదీలు మార్చకూడదనేవాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. పోయిన అమ్మమ్మకి దీపం పెట్టేటప్పుడు, అదే రాత్రి ఎక్కడెక్కడో ఎంతోమంది తమవాళ్లకి పెడుతున్నారన్న తోడు ఉంటుంది. పైగా చుట్టూ హాలోవీన్ సందడి.

కానీ డిసెంబర్ 21 సంగతి చూడండి. ఆ రోజు యూల్, సూర్యుడు మళ్లీ పుట్టే పండుగ. మెల్‌బోర్న్‌లో ఆ రోజు పగలు దాదాపు పద్నాలుగు ముప్పావు గంటలు. ఏడాదిలోకెల్లా పెద్ద పగలు. నెత్తిన ఎండ మాడ్చేస్తుంటే వెలుగు తిరిగి రమ్మని ఎలా పిలుస్తాం? జూన్ 21న అయితే పగలు తొమ్మిదిన్నర గంటలే. చలికి చేతులు కొంకర్లు పోతుంటే వెలిగించే కొవ్వొత్తికి అర్థం ఉంటుంది. అందుకే నా ఓటు తేదీలను ఆర్నెల్లు పక్కకి జరపడానికే. అప్పుడు సావిన్ ఏప్రిల్ 30కి వస్తుంది. దానికి ఐదు రోజుల ముందే, ఏప్రిల్ 25న, ఆస్ట్రేలియా అంతా తెల్లవారుజామున లేచి యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకుంటుంది. రాలే ఆకులు, పోయినవాళ్ల తలపు, రెండూ ఒకే వారంలో.

మన సంక్రాంతిని ఇక్కడ కూడా జనవరిలోనే చేసుకుంటున్నాం కదా అని అడగొచ్చు. నిజమే. ఎండ నలభై దాటి, మంటలు పెట్టకూడదన్న నిషేధం ఉన్న రోజున భోగి వస్తే మంట ఊసే ఉండదు. అయినా పండుగ మారదు, ఎందుకంటే సూర్యుడు మకరంలోకి వెళ్లే క్షణం భూమి మీద అందరికీ ఒకటే. విక్కా పండుగలకి కొలత రాశి కాదు, నీ వాకిట్లో పడే వెలుగు. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది.

పెద్దలు పెట్టిన తేదీలను కదపడం తప్పేమో అనే భయం కూడా అక్కర్లేదు. విక్కాని జనానికి పరిచయం చేసిన ఇంగ్లండ్ వ్యక్తి జెరాల్డ్ గార్డ్‌నర్ ప్రభావంతో నడిచిన బ్రికెట్ వుడ్ అనే విక్కా బృందం ఈ ఎనిమిదింటికీ సమాన స్థానం ఇచ్చింది 1958లో మాత్రమే. ఇంగ్లండ్ వాతావరణం చూసి కట్టుకున్న వరస అది.

తేదీలు తిప్పేటప్పుడు ఇంకో సంగతి. ఇంగ్లండ్‌లో సూర్యుడు దక్షిణం మీదుగా, గడియారం ముల్లు తిరిగినట్టు పోతాడు. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం ఉత్తరానికి తిరిగి నిలబడితే, కుడి నుంచి ఎడమకి పోతాడు. కాబట్టి పూజలో వలయం చుట్టూ చేసే ప్రదక్షిణం కూడా అటే మార్చుకోవాలి, ఇంగ్లండ్‌లో దక్షిణాన ఉంచే అగ్ని స్థానం ఇక్కడ ఉత్తరం కావాలి.

ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్‌లో ఉండేవాళ్లకి ఇది కూడా అతకదు. అక్కడ ఉన్నవి వానాకాలం, పొడికాలమే. పశ్చిమాన పెర్త్ వైపు ఆదివాసులైన నూంగార్ ప్రజలు ఏడాదిని ఆరు రుతువులుగా లెక్కిస్తారు. వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. వాళ్లనడక్కుండా తీసుకుని మన పండుగకి తగిలించడం మాత్రం నాకు నచ్చదు.

ఇక అక్టోబర్ 31న తలుపు కొట్టిన పిల్లలకి చాక్లెట్లు ఇచ్చి పంపండి. తర్వాత పెరట్లోకెళ్లి, ఆ గులాబీలతోనే బెల్టేన్ దండ కట్టుకోండి.