డాలస్‌లో సీఎన్ఏ శిక్షణ: నేను నేర్చుకున్న సంస్థపై నా అభిప్రాయం

గ్రీన్ కార్డు వచ్చిన తరువాత వృద్ధుల సంరక్షణలో ఉద్యోగం చేయాలనే కోరికతో, డాలస్ శివార్లలోని ఒక ప్రైవేటు సంస్థలో సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్ (సీఎన్ఏ, అంటే నర్సుల కింద రోగుల రోజువారీ అవసరాలు చూసే సహాయకురాలు) శిక్షణ పూర్తి చేశాను. అక్కడ పని నేర్పే తీరు నాకు ఎంతో నచ్చింది. అయితే ఫీజు కట్టే ముందు విద్యార్థికి చెప్పవలసిన సంగతులను వారు చెప్పకపోవడం నన్ను నిజంగా బాధించింది.

ఈ శిక్షణ కనీసం 75 గంటలు ఉండాలని అమెరికా ఫెడరల్ నిబంధన చెబుతోంది. టెక్సాస్‌లో అది 100 గంటలు: 60 గంటలు తరగతిలో, 40 గంటలు నర్సింగ్ హోమ్‌లో. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి, కానీ ఇక్కడ మాత్రం ఒంటరిగా బతకలేని వృద్ధులు ఏళ్ల తరబడి ఉండే చోటు.

మాకు పాఠాలు చెప్పిన నర్సు చేతులు కడుక్కోవడంతోనే మొదలుపెట్టారు. వేళ్లు కిందికి వంచి, సింకుకు చేయి తగలకుండా 20 సెకన్లు రుద్ది, కుళాయిని పేపర్ టవల్‌తో పట్టుకుని ఆపాలి. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి నుంచి చేయించేవారు. మూత్రం కొలిచేటప్పుడు కొలపాత్రను సమతలంగా ఉంచి, కంటి ఎత్తులో చూడాలన్నది కూడా అంతే పట్టుదలతో నేర్పారు. సర్టిఫికెట్ కోసం పెట్టే నైపుణ్య పరీక్షలో ఇలాంటి పనులే చేసి చూపించాలి కనుక ఆ కాఠిన్యం మాకు మేలే చేసింది.

అన్నిటికంటే నా మనసులో నిలిచిపోయింది చొక్కా తొడిగే పాఠం. పక్షవాతం వచ్చిన వారికి ముందు బలహీనమైన చేతిని తొడగాలి, విప్పేటప్పుడు బలమైన చేతిని ముందు తీయాలి. గుంటూరులో మా నాయనమ్మ మంచాన పడ్డప్పుడు, తెలియక మేము మంచి చేతికి ముందు తొడిగి, పడిపోయిన చేతిని వెనక్కి వంచి లాగేవాళ్లం. ఆవిడ పళ్లు బిగబట్టి ఊరుకునేది. నర్సింగ్ హోమ్‌లో ఒక పెద్దావిడకు పద్ధతి ప్రకారం తొడిగినప్పుడు ఆవిడ ముఖంలో నొప్పి కనిపించలేదు. చాలాసేపు నాకు మాట రాలేదు.

అయితే ఆ 40 గంటలను సంస్థ సరిగా వాడుకోలేదు. పది మందికి ఒక్కరే శిక్షకురాలు కావడంతో మొదటి రెండు రోజులు నీళ్ల జగ్గులు మార్చడానికీ, పక్కలు సర్దడానికీ సరిపోయాయి. గెయిట్ బెల్టును (మనిషి పడిపోకుండా పట్టుకోవడానికి వాడే పట్టీ) నడుముకు కట్టి మనిషిని మంచం నుంచి వీల్‌చైర్‌లోకి మార్చే పని నాకు రెండే రెండు సార్లు దక్కింది. చేరబోయేవారు ఎన్ని గంటలు అని కాకుండా, ఎంతమందికి ఒక శిక్షకురాలు ఉంటారని ముందుగా అడగడం మంచిది.

ఇక డబ్బు సంగతి. చెప్పిన ఫీజు 900 డాలర్లు కాగా యూనిఫాం, టీబీ పరీక్ష ఖర్చు, సర్టిఫికెట్ పరీక్ష రుసుము విడిగా కట్టవలసి వచ్చింది. దానికంటే పెద్ద విషయం మరొకటి ఉంది. మెడికేర్, మెడికెయిడ్ (వృద్ధులకూ, పేదలకూ ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు) గుర్తింపు ఉన్న నర్సింగ్ హోమ్ తాను ఉద్యోగంలోకి తీసుకున్న వారి నుంచి ఈ శిక్షణకు రుసుము వసూలు చేయకూడదు. సొంత ఖర్చుతో చదివినవారు శిక్షణ పూర్తయిన 12 నెలల లోపు అలాంటి చోట ఉద్యోగంలో చేరితే, పని చేసిన కాలాన్ని బట్టి ఆ ఖర్చును రాష్ట్రం తిరిగి చెల్లించాలి. ఈ మాట సంస్థలో ఎవరూ చెప్పలేదు, ఉద్యోగంలో చేరిన తరువాత తోటి సహాయకురాలు చెబితే తెలిసింది. రసీదులు దాచుకుని ఉండటం వల్ల దరఖాస్తు చేయగలిగాను.

మా ఆడపడుచు కూడా ఇదే చదువు చదవాలనుకుంటోంది. ముందు దగ్గరలోని నర్సింగ్ హోమ్‌లలో శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకునేవి ఏమైనా ఉన్నాయేమో కనుక్కోమనీ, దొరకకపోతే ఇక్కడే చేరి, ఆ నర్సు చెప్పే బ్యాచ్‌లోనే చోటు అడగమనీ చెప్పాను.