కొత్త వింతే, కానీ పాత రోత కాలేదు: ఆర్‌టీఎక్స్ 3060, 4060 వాడిన అనుభవం

2021లో ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్‌లో బొమ్మల లెక్కలు చేసే భాగం) ఆర్‌టీఎక్స్ 3060 కొన్నాను. 2023లో 4060 వచ్చిన కొన్నాళ్లకు అదీ ఇంటికి చేరింది. అన్న చొక్కా తమ్ముడికి వెళ్లినట్టే, కొత్త కార్డు నా కంప్యూటర్‌లోకి, పాతది మా తమ్ముడి కంప్యూటర్‌లోకి వెళ్లాయి. ఐదు నెలలు గడిచాక నేనే వాడి దగ్గరికి వెళ్లి, "నా పాత కార్డు నాకిచ్చి, కొత్తది నువ్వు తీసుకో" అన్నాను. ఇందులో ఏదో మెలిక ఉందన్నట్టు వాడు నా ముఖంలోకి చూశాడు. ఆ మార్పిడి జరిగి రెండేళ్లు దాటింది. ఇద్దరమూ మళ్లీ మార్చుకుందామని అనుకోలేదు.

పగలు నేను బ్లెండర్‌లో గదుల, వస్తువుల త్రీడీ బొమ్మలు తయారు చేస్తాను, రాత్రి కాసేపు గేమ్స్ ఆడతాను. తమ్ముడికి గేమ్స్ తప్ప మరో పని లేదు. మిగతా కథంతా ఈ తేడాలోనే ఉంది.

కాగితం మీద చూస్తే 4060 ఒక తరం వెనక్కి నడిచినట్టు కనిపిస్తుంది. 3060లో 3584 క్యూడా కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉంటే 4060లో 3072. మెమరీ 12 జీబీ నుంచి 8 జీబీకి, బస్ (మెమరీకి, చిప్‌కూ మధ్య దారి) వెడల్పు 192 బిట్ల నుంచి 128 బిట్లకు తగ్గాయి. మెమరీ నుంచి సెకనుకు అందే డేటా 360 జీబీ నుంచి 272 జీబీకి పడిపోయింది. పెరిగినది ముఖ్యంగా క్లాక్ వేగం: బూస్ట్‌లో, అంటే గరిష్ఠంగా పరుగెత్తేటప్పుడు, 1777 మెగాహెర్ట్జ్ ఉన్నది 2460 అయింది. ఆ ఒక్కటే లెక్కను తలకిందులు చేస్తుంది. ఒక్కో కోరు ఒక్కో క్లాక్‌కు రెండు లెక్కలు చేస్తుంది కాబట్టి, గుణించి చూస్తే 3060 శక్తి సుమారు 12.7 టెరాఫ్లాప్స్ (సెకనుకు అన్ని లక్షల కోట్ల లెక్కలు), 4060ది 15.1. అంటే ఐదో వంతు ఎక్కువ. 1080పీ రిజల్యూషన్‌లో గేమ్స్ ఆడినప్పుడు నాకు కనిపించిన తేడా కూడా దాదాపు అంతే. పాత కార్డు సెకనుకు 60 ఫ్రేముల (తెర మీది చిత్రాల) దగ్గర ఉండే చోట కొత్తది 70 దాటేది.

మరి మెమరీ దారి ఇరుకైనా అది ఎలా నెట్టుకొచ్చింది? 3060 చిప్‌లో ఎల్2 క్యాష్ (చిప్‌లోపలే ఉండే చిన్న మెమరీ) 3 ఎంబీ, 4060లో 24 ఎంబీ. తరచూ కావలసిన సరుకు చేతికందే అరలోనే ఉంటే గోదాముకు మాటిమాటికీ పరుగెత్తనక్కరలేదు. అయితే రిజల్యూషన్ పెంచేకొద్దీ ఆ అర చాలదు. 1440పీ మానిటర్‌కు మార్చినప్పుడు 4060 ఆధిక్యం నా కళ్లముందే కొంత కరిగిపోయింది.

విద్యుత్తు విషయంలో వాదనే లేదు. పాతదానికి 170 వాట్లు, కొత్తదానికి 115. మూసిన గదిలో నాలుగు గంటలు రెండర్ (త్రీడీ దృశ్యాన్ని పూర్తి బొమ్మగా మార్చే పని) నడిపితే ఆ 55 వాట్ల తేడా వేడిగా ఒంటికి తెలుస్తుంది. (నా 3060 మీది ఒక ఫ్యాన్ రెండో ఏడాదిలో కీచుమనడం మొదలుపెట్టింది. అది బోర్డు తయారుచేసిన కంపెనీ పనితనం, చిప్ దోషం కాదు. దుమ్ము దులిపి, వేగం కాస్త తగ్గించి సర్దుకున్నాను.)

ఇక అసలు సంగతి మెమరీ. 4096 చుక్కల పొడవు, అంతే వెడల్పు ఉన్న టెక్స్చర్ (వస్తువు పైపొరకు అతికించే చిత్రం) ఒకటి, చుక్కకు 4 బైట్ల చొప్పున, 64 ఎంబీ అవుతుంది. గేమ్స్‌లో టెక్స్చర్లను కుదించి ఉంచుతారు కాబట్టి అది నాలుగో వంతుకు దిగవచ్చు. బ్లెండర్‌లో రెండర్ చేసే భాగమైన సైకిల్స్ మాత్రం కుదించకుండానే ఎక్కిస్తుంది. చెక్క, గుడ్డ, గోడ, నేల, ఒక్కో పదార్థానికి రంగు, గరుకుదనం, ఎగుడుదిగుళ్లు అంటూ మూడు నాలుగు టెక్స్చర్లు. అలా వంద చేరితే 6 జీబీ దాటినట్టే. పైన ఆకారాల లెక్క, ఆపరేటింగ్ సిస్టమ్ వాటా. 3060లో ఏ ఇబ్బందీ లేకుండా పూర్తయిన ఒక హాలు దృశ్యం 4060లో పెడితే, సగంలో మెమరీ చాలడం లేదని ఆగిపోయింది. టెక్స్చర్లు తగ్గించి, కుర్చీలు దాచి, మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. వేగమైన కార్డు కొని, దాని కోసం నా పనిని కత్తిరించుకుంటున్నానని ఆ రాత్రి అర్థమైంది.

దీనికి తోడు నా మదర్‌బోర్డు పాతది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డును బోర్డుకు కలిపే దారి) 3.0 తరానిది. ఆ దారిలో 3060కి 16 లేన్లు (వరుసలు) ఉంటాయి, 4060కి ఎనిమిదే. 4.0 బోర్డులో ఆ ఎనిమిదీ బాగానే సరిపోతాయి. నా బోర్డులో మాత్రం సెకనుకు సుమారు 8 జీబీ మించి కదలదు. కార్డు మెమరీ నిండి, డేటా ర్యామ్‌లోకి ఒలికినప్పుడు, 272 జీబీల దారి అలవాటైన చిప్ 8 జీబీల సందులో నిలబడాలి. గేమ్‌లో అది సగటు ఫ్రేముల లెక్కలో కనబడదు. మలుపు తిరగగానే అర సెకను బిగుసుకుపోవడంలో తెలుస్తుంది. తమ్ముడి బోర్డు 4.0 కాబట్టి వాడికి ఈ బాధ బాగా తక్కువ.

ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కార్డే కొత్తవి ఊహించి చేర్చడం) గురించి చాలా ఊరించారు. ఎన్విడియా వారి డీఎల్‌ఎస్‌ఎస్ 3 సాంకేతికతలో వచ్చిన ఈ సౌకర్యం 4060లో ఉంది, 3060లో లేదు. అసలు ఫ్రేములు 60 దగ్గర ఉంటే దృశ్యం నిజంగానే నున్నగా కదులుతుంది. 30 దగ్గర ఉంటే తెర మీద లెక్క పెరుగుతుంది గానీ మౌసు బురదలో కదిలినట్టే ఉంటుంది. పైగా దానికీ కొంత మెమరీ కావాలి, 4060లో లేనిదే అది! 4060 మీద నాకు నిజంగా అసూయ కలిగించేది ఏవీ1 అనే రకం వీడియోను తయారు చేసే ఎన్‌కోడింగ్ సౌకర్యం. 3060 ఆ రకం వీడియోను చూపగలదు, తయారు చేయలేదు.

ఈ మధ్య భాషా మోడళ్లను (ప్రశ్నలకు జవాబులు రాసే ఏఐలను) ఇంట్లోనే నడిపి చూస్తున్నాను. 700 కోట్ల పారామీటర్ల (మోడల్ లోపల దాచుకునే సంఖ్యల) మోడల్‌ను, ఒక్కో సంఖ్యను 4 బిట్లకు కుదిస్తే, రెండు కార్డుల్లోనూ పడుతుంది. 1300 కోట్లదైతే 8 జీబీకి మించిపోతుంది, 12లో హాయిగా కూర్చుంటుంది.

కేవలం 1080పీలో గేమ్స్ ఆడేవారు, బోర్డు కొత్తదైతే, 4060 తీసుకోవచ్చు. వారిని 3060 కొనమని నేను చెప్పను. రెండరింగ్, మోడళ్లు, పాత బోర్డు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 3060 12 జీబీ. పెట్టె మీద 12 అని చదివి మరీ తీసుకోవాలి. అదే పేరుతో 128 బిట్ల బస్, 8 జీబీ మెమరీతో మరో కార్డు కూడా ఉంది. అది రెండు లోకాలకూ చెడ్డదే.

పోయిన వారం తమ్ముడు బ్లెండర్ నేర్చుకుంటానన్నాడు. నేను విననట్టు ఊరుకున్నాను.