విజయనగరంలో పాత షెవర్లే పికప్ ముందు కమాన్లు దించిన దుకాణం

విజయనగరం నుంచి సాలూరు వెళ్లే దారిలో, గజపతినగరం రాకముందే, బోర్డు లేని రేకుల షెడ్డు ఒకటి ఉంది. లోపల ఒక కొలిమి, పెద్ద దాగలి, గోడకు వరుసగా ఆనించిన లారీ కమాను పట్టీలు, అంటే కుదుపులు తట్టుకునే స్ప్రింగు కట్టలోని వంపు ఉక్కు పట్టీలు, తప్ప చెప్పుకోదగ్గ యంత్రాలేమీ కనిపించవు. మా 1951 నాటి షెవర్లే 3100 పికప్ ముందు భాగాన్ని రెండు అంగుళాలు కిందికి దించే పనిని నేను అక్కడే చేయించాను. పని పూర్తయి నాలుగు నెలలైంది, బండి ఆరు వందల కిలోమీటర్లకు పైగా తిరిగింది. కనుక ఇప్పుడు ఒక అభిప్రాయం చెప్పవచ్చునని అనుకుంటున్నాను.

ఈ బండి మా తాతగారి హయాంలో గోగునార మోసింది. ఎప్పుడో బరువు కోసం బిగించిన గట్టి కమాన్ల వల్లనో, ముందు చక్రాలకూ మడ్‌గార్డులకూ మధ్య ఉన్న ఖాళీ వల్లనో, దాని గుండ్రని ముక్కు ఆకాశంలోకి చూస్తున్నట్టు ఉండేది. ఆ ముక్కు కాస్త వంగితేనే ఈ తరహా బండ్ల అందం బయటపడుతుందని నా గట్టి నమ్మకం. అయితే నాకు ఒక షరతు ఉంది: ఏ మార్పు చేసినా, మళ్లీ వెనక్కి తిప్పుకోగలిగేదై ఉండాలి. జనరల్ మోటార్స్ బొంబాయిలో 1928లో మొదలుపెట్టిన కార్ఖానా 1954లో మూతపడింది. ఆ కాలపు విడిభాగం ఒకటి పాడైతే అలాంటిది మళ్లీ దొరకడం చాలా కష్టం. దీనికి తోడు, యాభై ఏళ్లు దాటిన సొంత వాడకపు బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునేందుకు కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం బండి అడుగు చట్రమైన ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఆ నమోదుకు దరఖాస్తు చేయాలన్న ఆలోచన నాకుంది కనుక, ఛాసిస్‌ను కోయడం, వెల్డింగ్ చేయడం అన్న మాటే లేకుండా పని జరగాలి.

ఇక్కడికి రావడానికి ముందు వేరే నగరంలో ఒక పెద్ద వర్క్‌షాపులో అడిగాను. ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి దించేస్తామని వాళ్లు చాలా ధీమాగా చెప్పారు. ఇరుసు కమానుకు పైన ఉండే బండ్లలో ఆ పద్ధతి పనిచేస్తుంది. ఈ షెవర్లేలో ముందు ఇరుసు కమానుకు కింద ఉంటుంది కాబట్టి, మధ్యలో దిమ్మ పెడితే బండి దిగకపోగా ఇంకా పైకి లేస్తుంది. ఆ సంగతి చెప్పగానే, అయితే ఇరుసునే కాల్చి వంచుదామన్నారు. బండి ముందు బరువంతా మోస్తూ, రెండు చక్రాలనూ పట్టి ఉంచే ఉక్కు దూలాన్ని వాళ్ల చేతిలో పెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

ఈ షెడ్డు మేస్త్రీ గారు చిన్నతనంలో సాలూరులో పని నేర్చుకున్నారు. లారీలకు పేరుబడ్డ ఊరది. ఒడిశా ఘాట్ రోడ్డు ఎక్కి దిగే లారీల కమాన్లు విరగడం, వాటిని కట్టడం అక్కడ నిత్యకృత్యం. ఆయన బండి కిందికి దూరి, సుద్దతో ఒక్కొక్క పట్టీ మీద అంకె వేసుకుంటూ పావుగంట సేపు ఏమీ మాట్లాడలేదు. అన్నిటికంటే పొడవైన మెయిన్ పట్టీ చివరి చుట్టను, అంటే కన్నును, తిరగేసి చుడితే ఇంకో అంగుళానికి పైగా దిగుతుంది కదా అని నేనే అడిగితే, "నిప్పులో ఎట్టినామంటే పట్టీలో పస సచ్చిపోద్ది బాబూ, మళ్లీ నీళ్లు సరిగ్గా ఎక్కకపోతే రోడ్డు మీద ఇరిగిపోద్ది" అన్నారు. స్ప్రింగు ఉక్కుకు పదును పోకుండా కాల్చి చల్లార్చాలంటే వేడి మీద కచ్చితమైన అదుపు కావాలి. తన కొలిమిలో అది కుదరదని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలుతోనే బండిని ఆయనకు అప్పగించాలని నిర్ణయించుకున్నాను.

ఆయన ఎంచుకున్న పద్ధతి పట్టీలు తగ్గించడం. మా బండికి ఒక్కో వైపు ఎనిమిది పట్టీలున్నాయి. మెయిన్ పట్టీనీ, అది విరిగితే ఆదుకునే రెండో పట్టీనీ ముట్టుకోకుండా, ముందుగా నాలుగోదీ ఆరోదీ తీశారు. కట్ట మందం తగ్గినంత మేర బండి దిగుతుంది; మిగిలిన పట్టీలు అదే బరువును మోస్తూ ఇంకాస్త వంగుతాయి కనుక ఆ మేర కూడా దిగుతుంది. ఈ రెండూ కలిపి ఒకటిన్నర అంగుళం వచ్చింది. బండిని రెండు రోజులు అలాగే తిప్పి, కమాన్లు సర్దుకున్నాక మళ్లీ కొలిచి, ఆ తర్వాతే ఏడో పట్టీని తీశారు. పొడవు పట్టీ నుంచి పొట్టి పట్టీ దాకా మెట్లు మరీ ఎడం కాకుండా చూసుకోవడమే ఇందులో అసలు నేర్పు. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు కొలిస్తే ఎడమవైపు రెండు అంగుళాలు, కుడివైపు రెండుంపావు అంగుళాలు తగ్గింది. ఆ పావు అంగుళం తేడా కంటికి ఆనదు. పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టులు, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు పాతవి వాడకుండా, సన్నబడిన కట్టకు సరిపడే పొడవులో కొత్తవి వేశారు.

నాకు ఎక్కువ సంతృప్తినిచ్చింది ఆ తర్వాతి పని. ఈ బండి ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 116 అంగుళాలు. ముక్కు రెండు అంగుళాలు దిగితే ఛాసిస్ సుమారు ఒక డిగ్రీ ముందుకు వాలుతుంది, దానితో పాటే, ముందు చక్రం మలుపు తిరగడానికి ఇరుసు చివర నిలువుగా ఉండే కింగ్ పిన్ను పైభాగం కూడా ముందుకు వాలుతుంది. ఆ వాలు సరిచేయకపోతే, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు, వేగం మీద బండి అటూ ఇటూ ఊగుతుంది. డిగ్రీల లెక్క మేస్త్రీ గారికి తెలియదు. కానీ ముక్కు దించిన బండి "రోడ్డు మీద ఎతుక్కుంటాది" అని తెలుసు. కమానుకూ ఇరుసుకూ మధ్య, మందపు అంచు వెనక్కి ఉండేలా ఒక డిగ్రీ వాలున్న ఇనుప చీలికలు పెట్టించాం. ఇప్పుడు అరవై కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఆనిస్తే చాలు, బండి తిన్నగా పోతుంది.

లోపం లేదని చెప్పను. తీసుకువెళ్లిన సాయంత్రమే గజపతినగరం దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ మీద ముందు భాగం దబ్బున కొట్టుకుంది. పట్టీలు తగ్గిన తర్వాత ఇరుసుకూ, అది ఛాసిస్‌కు కొట్టుకోకుండా అడ్డుండే బంప్ రబ్బరుకూ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో, షాక్ అబ్సార్బర్ ఎంత లోపలికి నొక్కుకుపోయిందో ఆయన చూడలేదు. ఇంత జాగ్రత్తగా చేసిన పనిలో ఇది పెద్ద పొరపాటే. మర్నాడు వెళితే కారణాలు చెప్పకుండా, కూలి తీసుకోకుండా, పొట్టి షాక్ అబ్సార్బర్లు తెప్పించి, బంప్ రబ్బరును సగానికి తగ్గించి ఇచ్చారు. అసలు రబ్బరును కోయవద్దని నేను పట్టుబట్టడంతో వేరే రబ్బరు కోసి వేశారు. ఆ తర్వాత మళ్లీ కొట్టుకోలేదు. అయితే స్పీడ్ బ్రేకర్ మీద మునుపటి కంటే నెమ్మదిగా వెళ్లాలి, ముందు భాగం మెత్తబడింది కాబట్టి గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు ఎక్కువగా వంగుతుంది. బండిలో ఇప్పుడు నేను బరువులు వేయడం లేదు. వేసేవారికి ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే మిగిలిన ఒక్కో పట్టీ మీద పడే భారం ఇదివరకటి కంటే చాలా ఎక్కువ.

హెడ్‌లైట్ల సంగతి ఎవరూ చెప్పరు కనుక చెబుతున్నాను. ముక్కు దిగాక వాటి వెలుగు బండికి పది బారల దూరంలోనే నేల మీద పడుతుంది, వాటిని మళ్లీ పైకి సర్దుకోవాలి.

కూలి ఎనిమిది వేలు, బోల్టులూ బుషులూ చీలికలూ షాక్ అబ్సార్బర్లూ కలిపి ఇంకో తొమ్మిది వేల చిల్లర అయింది. నాలుగు రోజులన్న పని తొమ్మిది రోజులు పట్టింది. బిల్లు ఇవ్వరు, బోల్టు ఎంత బిగువులో ఉందో కొలిచే పానా లేదు, చక్రాల అలైన్‌మెంట్ కోసం విజయనగరం ఊళ్లోకి వెళ్లాలి. ఇరుసు దూలంలా ఒకే ముక్క కనుక చక్రాల నిలువు వాలు మారదు, టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, ఒక్కటి చూపించుకుంటే సరిపోతుంది. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించుకోవాలని మేస్త్రీ గారు రెండుసార్లు గుర్తుచేశారు. వెళితే నిజంగానే ఒక బోల్టు పావు చుట్టు తిరిగింది.

తీసిన ఆరు పట్టీలనూ తుప్పు గీకి, గ్రీజు పూసి, ఏది కుడిదో ఏది ఎడమదో తెల్ల రంగుతో రాసి, గోనెపట్టాలో చుట్టి ఇచ్చారు. అవి మా అటక మీద ఉన్నాయి. వెళ్లదలచినవారు ఉదయం తొమ్మిదిలోపు వెళ్లండి, ఆ తర్వాత లారీల వరుస మొదలవుతుంది. ఆదివారం షెడ్డు తెరవరు.